చైను విప్పిన రోజు

మా ఇంటి బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు. ఎంత రుద్దినా చేతికి జిగటగా ఒక పొర అంటుకుంటుంది తప్ప మురికి వదలదు. సబ్బు మాత్రం కరిగిపోతుంది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. భూమిలో ఏమేం కలిశాయో అడగడం మేము ఎప్పుడో మానేశాం, సబ్బులు మార్చి చూస్తుంటాం. అయినా ఆ కార్తీకంలో నా గోళ్ల కింద చేరిన గ్రీజు వారమైనా పోకపోయేసరికి ఆ నీళ్ల మీద నిజంగానే కోపం వచ్చింది. ఆఫీసులో చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఆ గ్రీజు మా పెద్దనాయన డోజరుది.

కర్దనూరులో మా పొలాలు చాలా మటుకు ఫ్యాక్టరీల కింద పోయాక పెద్దనాయన వ్యవసాయం వదిలి ఆ పాత డోజరు కొన్నాడు. దానికి టైర్లుండవు. రెండు పక్కలా ఇనుప ప్లేట్లు బిగించిన చైన్ల మీద పాకుతూ నడుస్తుంది. ఈ చుట్టుపక్కల ఎన్నో షెడ్ల జాగాలు అదే చదును చేసింది. వాటిలో మా చేలు కూడా ఉన్నాయి. గట్లు ఎక్కడున్నాయో తెలిసిన మనిషి కాబట్టి పని తొందరగా అయిందని కంపెనీ మేనేజరు మెచ్చుకున్నాడట. ఆ మాట పెద్దనాయన ఎన్నిసార్లు చెప్పినా ఒక్కసారీ నవ్వలేదు.

కొన్నేళ్లుగా పనులన్నీ కొత్త మిషన్లకే పోతున్నాయి. ఇది షెడ్డులో ఉంటోంది. పైగా ఎడమవైపు చైను సాగిపోయి, తిప్పే పళ్ల చక్రం మీద నుంచి జారడం మొదలుపెట్టింది. పెద్దనాయన కొడుకు, మా అన్న, మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. ఒకరోజు ఇంట్లో అందరి ముందూ తేల్చేశాడు. ఇదే ఆఖరి రిపేరు. బండి బాగైతే సంతోషం, నడుపుకోవచ్చు. కాకపోతే దాన్ని పాత ఇనుముకు వేసి, ముత్తంగి దగ్గర గోడౌన్‌లో వాచ్‌మన్‌గా చేరాలి. అక్కడ మాట్లాడి పెట్టాడు. ఒకప్పుడు భూములున్న ఆసామి అని ఊళ్లో ఇప్పటికీ అందరూ పటేలా అని పిలిచే మనిషి, లారీ హారన్ కొట్టినప్పుడల్లా లేచి గేటు తీయాలన్నమాట. పెద్దనాయన సరే అన్నాడు. ఆ గండం రాదని ఆయనకు డోజరు మీద అంత నమ్మకం.

రిపేరు మరీ అసాధ్యమైనదేమీ కాదు. చైను విప్పి షాపుకు తీసుకుపోయి, లోపలి పిన్నుల్ని సగం చుట్టు తిప్పి మళ్లీ బిగిస్తే అరగని వైపు పనిలోకి వస్తుంది. చొక్కా కాలరు చిరిగితే తిప్పి కుట్టించుకుంటామే, అలాంటిదే. చిక్కల్లా విప్పడంలో ఉంది. చైనులో ఉన్న పిన్నులన్నీ షాపులో ప్రెస్సు మిషను మీద నొక్కి బిగించినవి, మళ్లీ ప్రెస్సుకు తప్ప దేనికీ లొంగవు. చైను రెండు కొసల్నీ కలిపే మాస్టర్ పిన్ను ఒక్కటే సమ్మెట దెబ్బలకు బయటికొస్తుంది. గుర్తుకోసం దాని తల మీద చిన్న గుంట ఉంటుంది.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. అందుకని మా ఇంట్లో యంత్రాలకు సంబంధించి నాకొక బాధ్యత అప్పజెప్పారు: దసరాకు డోజరుకు రంగు వేయడం. కాలేజీ రోజుల నుంచి ఏటా ఆయుధపూజకు ముందు నేనే డబ్బా, బ్రష్షు పట్టుకునేవాణ్ణి. నిండుగా వేయమనేవాడు పెద్దనాయన. నిండుగానే వేసేవాణ్ణి, పిన్నుల తలలు కూడా వదలకుండా. ఆపైన పసుపు, కుంకుమ. ఒకప్పుడైతే బండి రెండు రోజులు మట్టిలో తిరిగేసరికి ఆ రంగంతా రాలిపోయేది. తిరగడం తగ్గాక రాలడం కూడా తగ్గింది. కోటు మీద కోటు పడి గుంట ఉన్న తలా, లేని తలా అన్నీ ఒక్కలాగే నున్నగా మెరుస్తున్నాయి.

రిపేరు రోజు పొద్దున్నే వచ్చిన మిస్త్రీ ఆ తలల మీద వేలితో రాసి చూశాడు. తర్వాత సంచిలోంచి వైర్ బ్రష్ తీశాడు.

"వద్దు," అన్నాడు పెద్దనాయన. "ఆ పిన్ను వంగిన ప్లేటు కాడ ఉంటది. నా బండి నాకు తెల్వదా?"

బయట ఇంకెవరి బండి అయినా మిస్త్రీ గీకి చూసేవాడే. పటేలు ఉందన్నాక లేదేమో అని గీకి చూడటం మా దగ్గర మర్యాద కాదు. అతను బ్రష్ చేతిలోనే పట్టుకుని నా వైపు చూశాడు, ఎంతైనా ఇంజనీరును కదా. నేను మాట్లాడలేదు. మూడు వారాల కిందట వేసిన కోటు, గీతలు పడితే బాగుండదని ఆలోచిస్తున్నాను. ఇది నేను గొప్పగా చెప్పుకునే విషయం కాదు.

చైనును బిగించి ఉంచే గ్రీజు గొట్టానికి ఎదురుగా నిలబడొద్దని మిస్త్రీ మమ్మల్ని పక్కకు తోలాడు. లోపలి ఒత్తిడికి గ్రీజు కడుపులోకి దూసుకుపోతుందట. నట్టు ఒక చుట్టు వదులు చేస్తే నల్లటి గ్రీజు పురుగులా బయటికి పాకింది, చైను మెల్లగా కిందికి జారింది. ఆ గ్రీజు ఎత్తిపోయడం నా వంతు. తర్వాత వంగిన ప్లేటు దగ్గర పిన్నుకు ఇనుప కడ్డీ ఆనించి నేను పటకారుతో పట్టుకుంటే మిస్త్రీ సమ్మెట వేశాడు. పది దెబ్బలు, ఇరవై దెబ్బలు. పిన్ను కదల్లేదు. తుప్పు పట్టిందన్నాడు పెద్దనాయన. గ్యాస్ మంటతో కాల్చి మళ్లీ కొట్టాం. మధ్యాహ్నం దాకా అదే పని. మిస్త్రీ రెండుసార్లు ఆగి పెద్దనాయన మొహం చూశాడు. రెండుసార్లూ ఆయన కొట్టమన్నట్టు తల ఊపాడు.

మూడోసారి కాల్చాక కొట్టిన దెబ్బకు చప్పుడు మారింది. అంతసేపూ గంటలా మోగిన ఇనుము కుండలా టప్పుమంది. పిన్ను చుట్టూ ఉన్న చైను లింకు పగిలింది.

అప్పుడు చూశాం. మంట సెగకు పక్క పిన్ను మీద రంగు పొంగి, పొరలు పొరలుగా లేచి ఊడిపోయింది. ఒక్కో దసరా ఒక్కో పొర. అన్నిటికీ అడుగున, తల నడుమ, చిన్న గుంట. పెద్దనాయన ఆ గుంటలో బొటనవేలు పెట్టి, వేడికి తీసి, మళ్లీ పెట్టి చూశాడు.

ఆ పిన్ను నాలుగు దెబ్బలకే వచ్చేసింది.

బండి స్టార్ట్ చేసి పెద్దనాయనే మెల్లగా వెనక్కి నడిపాడు. చక్రాలు చైను మీద నుంచి వెనక పరిచిన చెక్కల మీదికి దిగాయి, చైను నేల మీద బారుగా పరుచుకుంది. మిస్త్రీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వంగి ఒక్కో లింకునూ చూసుకుంటూ వచ్చాడు. లింకులన్నీ అరిగి పలచబడ్డాయని, ప్రెస్సు మీద పెడితే ఒకదాని వెంట ఒకటి పగులుతాయని, తాను మాత్రం పెట్టలేనని చెప్పాడు. ఈ మోడల్‌కు లింకులు దొరకడం ఎప్పుడో ఆగిపోయింది.

"ఎట్లయినా పగులుతుండె పటేలా," అన్నాడు చివరికి. "ఇయ్యాల గాకుంటె ప్రెస్సు మీద."

అది నిజమో, మర్యాదో నేను అడగలేదు. ఆ మాట నాకు పనికొచ్చేది, దాచుకున్నాను.

సాయంత్రం షిఫ్టు దిగి అన్న నేరుగా అక్కడికే వచ్చాడు. అతను చైను చూశాడు, పగిలిన లింకు చూశాడు, డోజరు సీటులో ఇంకా కూర్చునే ఉన్న తండ్రిని చూశాడు. పక్కకు పోయి గోడౌన్ వాళ్లతో ఫోనులో మాట్లాడి వచ్చాడు. కోపంగా ఏమీ లేడు. ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన మనిషి గొంతుతో అన్నాడు.

"కుర్చీ ఇస్తరట నాయినా. ఈడ గూడ ఇన్నేండ్లు కూసునే గద పనిజేసినవు."