రాజ్యలక్ష్మి ఆంటీ కొట్టేసిన పేర్లు

గాజు స్లైడు అంచు మీద పేషెంటు పేరు పెన్సిల్‌తో రాస్తుంటే సన్నగా గరగరమని చప్పుడు వస్తుంది. మా క్లినిక్‌లో నర్సు ఆ పని చేసినప్పుడల్లా నా భుజాలు వాటంతటవే బిగుసుకుంటాయి. క్షణంలో నేను టెక్సస్‌లోని ప్లేనోలో, రాజ్యలక్ష్మి ఆంటీ భోజనాల బల్ల ముందు కూర్చుని ఉంటాను. ఆవిడ ముప్ఫై ఏళ్లు స్లైడులు చూసి రోగం తేల్చే పెథాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ అలవాటుతో కిరాణా సరుకుల చీటీ నుంచి పిల్లల పుట్టినరోజు కార్డుల దాకా అన్నీ పెన్సిల్‌తోనే రాసేవారు.

మొదటిసారి ఆ బల్ల దగ్గర కూర్చున్నది 2010 మే నెలలో. అంతకు ముందు ఏడు నేను పదిహేను మెడికల్ కాలేజీలకు అప్లై చేశాను. ఒక్కరు కూడా ఇంటర్వ్యూకి పిలవలేదు. జీపీఏ నాలుగుకి మూడు దాటీ దాటనట్టుంది మరి. ఫోన్‌లో ఈమెయిల్ వచ్చిన చప్పుడైతే చాలు, ఫోన్ బోర్లా పెట్టేసేదాన్ని. అమ్మ అప్పటికే మేముండే కాపెల్‌లో తెలిసినవాళ్లందరికీ నేను డాక్టర్ని అయిపోయినట్టే చెప్పేసింది. "ఇంకొక్కసారి చూద్దాం. రాకపోతే కంప్యూటర్ కోర్సులో చేరిపో" అన్నారు నాన్న. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. మామూలుగా అనేసరికి నాకు ఇంకా భయం వేసింది.

అమ్మ నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్లింది సిఫారసు ఉత్తరం కోసం. "పిల్ల బ్రైటే రాజ్యలక్ష్మిగారూ, టైమ్ బాగాలేదంతే. ఒక మంచి లెటర్ రాసిపెట్టండి" అంది.

"లెటర్ తర్వాత సంగతి. మార్కుల షీట్ తెచ్చారా?" అన్నారు ఆంటీ. అమ్మని టీ పెట్టమని వంటింట్లోకి పంపారు. నా పేరు మీద, జీపీఏ మీద ఒక కాగితం కప్పారు. "స్లైడు చూసేప్పుడు, పంపిన డాక్టరు ఏమనుకుంటున్నాడో నేను ముందు చదవను. చదివితే అదే కనపడుతుంది. ఇది ఎవరిదో నీకు తెలీదు అనుకో. ఏం కనపడుతోందో చెప్పు."

"మొదటి ఇయర్ ఓకే. సెకండ్ ఇయర్ బాడ్. ఆర్గానిక్ కెమిస్ట్రీ సి, ఫిజిక్స్ సి మైనస్. తర్వాత... కొంచెం పైకి వచ్చింది."

"కొంచెమా? చివరి మూడు సెమిస్టర్లు చూడు. నువ్వు చూస్తున్నది నీ సిగ్గుని, షీట్‌ని కాదు." పెన్సిల్ మొన రెండో ఏడాది మీద ఆగింది. "ఇక్కడ ఏమైంది?"

నన్ను ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. ఎందుకు చదవలేదని మాత్రం చాలామంది అడిగారు. "భయం వేసేది ఆంటీ. ఎగ్జామ్ హాల్‌లో చేతులు చల్లగా అయిపోయేవి. ల్యాబ్‌కి వెళ్లడం మానేశాను. ఎవరికీ చెప్పలేదు" అన్నాను. ఆవిడ ఓదార్చలేదు. "ఆ నాలుగు ముక్కలే అప్లికేషన్‌లో రాయి. కారణాలు అల్లకు. తర్వాత ఎలా లేచావో రాయి" అన్నారు.

తర్వాత నా పాత జాబితా అడిగారు. అందులో ఉన్నవన్నీ మహా పేరున్న కాలేజీలు. "వీటిలో ఒక్కటైనా చూశావా? ఎలా ఎంచావ్?" నిజం చెప్పాను. తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లో చెబితే అంకుల్స్ అందరూ వెంటనే గుర్తుపట్టే పేర్లు అవి. ఆవిడ పకపకా నవ్వారు. డెబ్భైల్లో గుంటూరు నుంచి వచ్చినప్పుడు తానూ అదే చేశారట. వాళ్ల నాన్నగారు ఊళ్లో గొప్పగా చెప్పుకోగల పెద్ద ఆసుపత్రులకే ట్రైనింగ్ కోసం ఆవిడ రాసి, ఏడాదంతా ఖాళీగా కూర్చున్నారట. చివరికి కాన్సస్‌లో ఒక చిన్న ఊరి ఆసుపత్రి తీసుకుంది.

ఇక పెన్సిల్‌తో పేర్లు కొట్టేయడం మొదలైంది. "ఇది పక్క రాష్ట్రం వాళ్ల గవర్నమెంట్ కాలేజీ. వాళ్ల పిల్లలకే సీట్లు చాలవు, నిన్నెందుకు తీసుకుంటారు? ఇదీ అంతే. మన టెక్సస్‌లో పేరున్నవి రెండే వేశావ్, మిగతావి ఏం పాపం చేశాయి?" పదిహేనులో మూడు మిగిలాయి. వాటి కింద కొత్తవి రాశారు: టెక్సస్ కాలేజీలన్నీ, ఆపైన ఎండీ బదులు డీఓ అనే డాక్టర్ డిగ్రీ ఇచ్చే ఆరు ఆస్టియోపతిక్ కాలేజీలు.

టీ పట్టుకొచ్చిన అమ్మ వాటిని చూసి ఆగిపోయింది. "ఎండీ కాదాండీ? డీఓ అంటే నిజం డాక్టరేనా? మనవాళ్లు ఏమంటారు?"

"రోగం వచ్చినప్పుడు ఇద్దరూ అదే ఆస్పత్రిలో అదే వార్డులో చూస్తారు. నా పక్కగది ఆయన డీఓనే. అనుమానం వచ్చి ఆయన్ని అడక్కుండా నాకు ఒక్క రోజు గడవలేదు" అన్నారు ఆంటీ. తిరిగొస్తుంటే కార్‌లో అమ్మ, "ఈసారి ఎవ్వరికీ చెప్పకు. దిష్టి తగుల్తుంది" అంది.

జూన్‌లో ఆంటీ ఇంట్లో పాట్‌లక్. పులిహోర వడ్డించుకుంటుంటే సుశీల ఆంటీ అని అమ్మ స్నేహితురాలు అందరి ముందూ అడిగేసింది, "ఏ మెడికల్ స్కూల్లో చేరుతున్నావమ్మా?" అమ్మ మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. రాజ్యలక్ష్మి ఆంటీ గిన్నె పట్టుకుని నావైపు చూశారు. సాయం చేయలేదు.

"పోయినసారి ఎక్కడా రాలేదు ఆంటీ. సెకండ్ ఇయర్‌లో గ్రేడ్స్ పోయాయి. ఇప్పుడు డీఓ స్కూల్స్‌కి కూడా అప్లై చేస్తున్నాను" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. కూల్‌డ్రింక్స్ తెస్తానని గరాజ్‌లో ఫ్రిజ్ దగ్గరికి పారిపోతే, సుశీల ఆంటీ వెనకే వచ్చి తలుపు వేసింది. "మావాడి సంగతీ అంతే తల్లీ. మీ అంకుల్‌కి ఇంకా తెలీదు. ఆ డీఓ స్కూళ్ల లిస్టు నాకు ఈమెయిల్ చేస్తావా?" అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆ చలికాలమంతా ఎలా గడిచిందో దేవుడికే తెలియాలి. ఉత్తరాలన్నీ మళ్లీ 'లేదు' అనే వచ్చాయి. మార్చిలో ఒక్కటి మాత్రం 'రండి' అంది. మిస్సోరీలో చిన్న ఊరు, ఆస్టియోపతిక్ కాలేజీ. ఒక్కటంటే ఒక్కటే. అమ్మ కంటే ముందు ఆంటీకి ఫోన్ చేశాను. అభినందనలూ గట్రా ఏమీ లేవు. "ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఊరు చూశావుగా. నచ్చిందా నీకు?" అన్నారు. నచ్చింది అనబోయి ఏడ్చేశాను.

నేను మెడిసిన్ మూడో ఏడులో ఉండగా ఆవిడ పోయారు. పరీక్షలు ఉండి వెళ్లలేకపోయాను. ఆ బాధ ఇంకా ఉంది. డాక్టరునయినా భయం పోలేదు. కొత్త కేసు ముందు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. అప్పుడు పక్క గదిలో డాక్టరు దగ్గరికి వెళ్లి, "నాకు భయంగా ఉంది, ఒకసారి వచ్చి చూస్తారా?" అని అడుగుతాను. పందొమ్మిదేళ్ల వయసులో, ఆ సెకండ్ ఇయర్‌లో, ఆ ఒక్క మాట అనడం నాకు చేతకాలేదు.