వెనక గోడ ఎవరు కట్టారు

అమలాపురం నడిబొడ్డున ఉన్న రెండంతస్తుల కొట్ల మేడను పాత యజమాని మనవడు బాగుచేయిస్తున్నాడు. ప్రారంభం రోజున పంచడానికి మేడ చరిత్ర కూడా అచ్చు వేయిస్తున్నాడు. రాసింది నాకిచ్చి ఒకసారి చూడమన్నాడు. ఆ మేడ మెట్ల కింద గదిలో నలభై ఏళ్ళు బోర్డులు రాసిన పెయింటర్ని నేను. బడి మొహం చూడలేదు. ఎండుకొబ్బరి కురిడీల వ్యాపారికి బోర్డు రాస్తూ కొన్ని అక్షరాలు, గడియారాల కొట్టుకు రాస్తూ ఇంకొన్ని, అలా నేర్చుకున్నదే నా చదువు. కాబట్టి రాతలో తప్పుంటే నా కంట్లో నలుసు పడ్డట్టే ఉంటుంది.

తప్పు రెండో పేజీలో ఉంది. తుఫానులో కూలిన వెనక గోడను వాళ్ళ తాతగారు దగ్గరుండి కట్టించారట.

దగ్గరుండి. ఆయన రామచంద్రపురంలో ఉండేవారు. గోడ పడిందని కబురు పెడితే, కొట్లు ఖాళీ చేయండి, స్థలం అమ్మేస్తానని తిరుగు కబురు పంపారు. గోడ కట్టింది అద్దెకున్న నలుగురం. కురిడీల వ్యాపారి, గడియారాలాయన, మేడ మీద టైలరు, నేను. కాలువ రేవులో పడవ దిగిన ఇటుక నెత్తిన మోశాం. ఊళ్ళో సగం ఇళ్ళు పడిపోయి ఉన్నాయి, బతిమాలితే ఒక్క తాపీమేస్త్రి దొరికాడు. మేస్త్రి తాడు తెగిపోతే టైలరు తన దారం ఉండ ఇచ్చాడు. తన టేపుతోనే కొలిచి సుద్దతో గీత గీశాడు. చేతి అలవాటు కొద్దీ చివర రెండంగుళాలు వదులు పెట్టేశాడు. ఆ మూల గోడ కాస్త బయటికి వచ్చింది.

"గోడక్కూడా లూజు పెట్టేవేంటయ్యా," అన్నాడు కురిడీల వ్యాపారి.

"రేపు ఒళ్ళు చేస్తే పనికొస్తుందండి," అన్నాడు టైలరు.

గోడ లేచాక యజమాని కారులో వచ్చి కొబ్బరికాయ కొట్టి వెళ్ళారు. ఖాళీ చేయమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన చేసింది ఆ కొబ్బరికాయ కొట్టడమే.

ఇదంతా మనవడికి చెప్పాను. ఓపిగ్గానే విన్నాడు.

"మీ మాట కాదంటానా పెయింటరు తాతగారూ. కాని మా ఇంట్లో అలాగే చెప్పుకుంటారండి. ఇంకొక్కరెవరైనా మీలాగే చెప్తే మార్చేస్తాను."

ఇంకొక్కరిని ఎక్కణ్ణించి తేను? కురిడీల వ్యాపారి పోయాడు. గడియారాలాయన అంతకుముందే పోయాడు. ఇప్పుడు ఆ మేడ ముందు నిలబడితే నన్ను పలకరించేవాళ్ళు లేరు, బండి పెట్టుకోవాలి జరగమనేవాళ్ళే. మిగిలింది టైలరొక్కడు. ఐనవిల్లి దగ్గర కూతురి ఇంట్లో ఉంటున్నాడు, చూసి ఏళ్ళయింది. మనవడి కారులోనే ఇద్దరం వెళ్ళాం.

టైలరు వరండాలో కుర్చీలో ఉన్నాడు.

"నాన్నగారికి ఈమధ్య ఏదీ గుర్తుండట్లేదండి," అంది కూతురు.

నేనెవరో చెప్పాను.

"ఆయ్, రండి, కూర్చోండి," అన్నాడు. నా చొక్కా కాలరు వేళ్ళతో తడిమి, "ఇది నేను కుట్టింది కాదండి," అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

మనవడు ముందుకు వంగి అడిగాడు. "తాతగారూ, మేడ వెనక గోడ మీరంతా కలిసి కట్టేరటగదండీ?"

"ఆయ్."

నేను మనవడి వంక చూశాను. అతను మళ్ళీ అడిగాడు.

"మా తాతగారు దగ్గరుండి కట్టించేరు కదండీ?"

"ఆయ్."

"అసలా గోడ పడనే లేదు కదండీ?"

"ఆయ్. కాఫీ తాగి వెళ్ళండి."

ఇంటికొచ్చిన మనిషి మాటను కాదనడమంటే మా వైపు గుమ్మంలోంచి గెంటేసినట్టే. టైలరు ఏనాడూ ఎవరినీ కాదన్న మనిషి కాదు. గుర్తులన్నీ పోయినా ఆ మర్యాద పోలేదు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు.

కారు దగ్గర మనవడు నెమ్మదిగా అన్నాడు. "ఏమనుకోకండి తాతగారూ. ఇవాళే అచ్చుకి ఇచ్చేయాలి. ఉన్నది ఉన్నట్టు ఉంచేస్తానండి."

"ఉన్నది అది కాదు బాబూ."

"ఎక్కండి, దింపేస్తాను."

"నువ్వెళ్ళు. నేను బస్సులో వస్తాను."

తిరిగి వెళ్ళి టైలరు పక్కన కూర్చున్నాను. రేవుకు ఇటుక వచ్చిన పొద్దున్నుంచి మొదలుపెట్టి చెప్పాను. ఏ మూల ఎవరం నిలబడ్డాం, తట్ట ఎవరి నెత్తి మీంచి ఎవరి నెత్తికి మారింది, మేస్త్రి ఎవరిని కసిరాడు, అన్నీ వరసగా. మాటమాటకీ ఆయ్ అంటున్నాడు. నేను అబద్ధం కలిపినా అలాగే అంటాడు. తప్పు పట్టే మనిషి ఇంకెవరూ లేరు కనుక నేనే జాగ్రత్తగా చెప్పాల్సి వచ్చింది. ఒకచోట తడబడి ఆగాను.

"మూడు పడవలన్నాను కదూ. కాదు, రెండే."

"ఆయ్," అన్నాడు.