పడుకుని పరిగెత్తిన గుండె

కాలేయం మార్చాలంటే ముందు గుండె ఒప్పుకోవాలని నాకు తెలియదు. శరీరం గురించి లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ, తెలుగువీ హిందీవీ, చదివినవాణ్ని. గుండెకు తన సొంత కరెంటు ఉంటుందని చదివిన రోజు, ఎలక్ట్రికల్ పనివాణ్ని కదా, సైకిల్ మీద ఇంటికి వెళ్తూ దారంతా మురిసిపోయాను. కానీ ఆపరేషన్ బల్ల మీద ఆ గుండె ఎంత భారం మోయాలో నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు. డాక్టరు చెప్పారు. మందు ఎక్కించి గుండెను పరిగెత్తించి చూస్తారట. తట్టుకుంటేనే మా అక్క కాలేయంలో కొంత కోసి నాకు పెడతారు. లేకపోతే లేదు.

అక్క పరీక్షలన్నీ అప్పటికే అయిపోయాయి. మేముండే బారిడీహ్ నుంచి ఆటోలో ఆసుపత్రికి వెళ్తుంటే దారి పొడుగునా అదే గొప్ప.

"నా లివర్ ఫస్ట్ క్లాసంటరా. నీ గుండె ఫెయిలైందనుకో, ఆ పరీక్షలన్నీ నేను ఉత్తినే రాసినట్టు."

"గుండెకి ట్యూషన్ పెట్టించలేదే అక్కా."

"అన్ని పుస్తకాలు సదివేవు, సాల్దేటి?"

పరీక్ష గది చల్లగా, మసకగా ఉంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఛాతీకి తీగలు అంటించారు. చేతి నరంలోకి మందు వదిలారు. తెర మీద బూడిద రంగులో నా గుండె, నీళ్లలో చేప నోరు తెరిచి మూసినట్టు కదులుతోంది. ఇన్నేళ్లూ నాలోనే ఉన్నదాన్ని ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాను.

ఫ్యాక్టరీలో మా కాంట్రాక్టు పనివాళ్లకు గేటు పాసు ఇచ్చే ముందు బీపీ, నాడి చూస్తారు. ఎక్కువుంటే పాసు లేదు. అందుకని మాలో అందరికీ ఒక విద్య వచ్చు. కళ్లు మూసుకుని, ఊపిరి మెల్లగా వదులుతూ, చల్లటి చోటేదో తలచుకోవడం. అలవాటు కొద్దీ నేనూ అదే మొదలుపెట్టాను. సువర్ణరేఖ నది ఒడ్డు, తడి ఇసుకలో పాదాలు, అవతల పొగమంచు. గుండెకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

"భయ్యా, సో గయే క్యా?" నిద్రపోయాననుకుంది నర్సు. "యోగా కర్ రహే హో?"

నేను సంగతి చెబితే డాక్టరు నవ్వారు. ఇక్కడ గుండెను నిదానంగా ఉంచడం కాదు, పరిగెత్తనివ్వాలి, పరిగెత్తుతూ అలిసిపోకుండా ఉంటుందా అన్నదే చూస్తాం, వదిలెయ్యండి అన్నారు. మందు పెంచారు. చేతిలో రబ్బరు బంతి పెట్టి పిసకమన్నారు.

వదిలేశాను. మొదట చెవుల్లో వినిపించింది, తర్వాత గొంతులో. ఒళ్లు బల్ల మీదే ఉంది, లోపల మాత్రం ఎవరో పరిగెడుతున్నారు. చిన్నప్పుడు బాగ్‌బేరాలో రైల్వే యార్డు పక్కన ఉండేవాళ్లం. పట్టాల వెంట కంకర రాళ్ల మీద అక్క ముందు పరిగెత్తేది, వెనక నేను. ఇప్పుడూ ఆమె జడ కనిపించింది. ఎంత పరిగెత్తినా అందలేదు, అయినా ఆయాసం రాలేదు. పక్కన గూడ్సు బండి చప్పుడు లేకుండా సాగిపోతోంది. అలాగే ఉండిపోవాలనిపించింది.

"బస్, హో గయా," ఇక చాలంటూ నర్సు బంతి తీసుకుంది. చాలాసేపు తెర మీది బొమ్మను ముందుకీ వెనక్కీ జరిపి చూసి, గుండె గోడలన్నీ బాగా కదులుతున్నాయని, ఆపరేషన్‌కు దీనివల్ల అడ్డు లేదని డాక్టరు చెప్పారు.

బయట బెంచీ మీంచి అక్క లేచింది.

"ఏటయ్యిందిరా? సెప్పు!"

"పాసయ్యింది."

గట్టిగా ఏదో అంటుందనుకున్నాను. కానీ మళ్లీ కూర్చుంది. చీర మీంచే కుడి డొక్క మీద చెయ్యి పెట్టుకుంది.

"అయితే నన్ను కోత్తారన్నమాట," అంది.

"భయమేస్తే వద్దే అక్కా. ఇప్పటికైనా..."

"నోర్ముయ్. భయమెయ్యకుండా ఉంటాదేటి?" అని కళ్లు తుడుచుకుంది. "సల్, టీ తాగుదాం. నువ్వు పరగడుపని నేనూ తాగలేదు. తల పగిలిపోతంది."