తార్నాకలో నన్ను పిలిచిన పేరు

నా మాటల్లో సగం కోతలేనని మావాళ్లు అంటారు. ఇది మిగతా సగంలోది.

అరవయ్యెనిమిదిలో, యూనివర్సిటీలో చదివే రోజుల్లో, లాలాగూడ నుంచి బస్సులో వస్తున్నాను. పక్కసీటు మనిషి చేతికి సైకిల్ చైను చుట్టి ఉంది. ముఠా మనిషని తెలిసిపోయింది. భయంకొద్దీ, అడక్కుండానే, నేను కుస్తీ పడతానని చెప్పాను.

"గింత సన్నగున్నవ్, నువ్వేం పహిల్వాన్‌వురా భాయ్! పేరేంది?"

"యాదగిరి," అన్నాను. అదీ అబద్ధమే.

అతను నవ్వేసరికి కాస్త ధైర్యం వచ్చింది. "అన్నా, ముఠాల ఎందుకు జేరినవ్?"

"వర్క్‌షాపుల నన్ను నంబరుతోని పిలుస్తరు. ఇంట్ల మా నాయిన 'అరే' అంటడు. మా ముఠావోళ్లయితే పేరు వెట్టి పిలుస్తరు. గంతే."

నెల తర్వాత తార్నాక బస్టాపులో ఏదో గొడవయి, ముఠావాళ్లు ఇరవైమంది, సరే, ఆరుగురు, మా విద్యార్థులను కొడుతున్నారు. ఒకడు నా కాలరు పట్టుకున్నాడు. అంతలో వెనకనుంచి ఆ బస్సులో మనిషి కేక వినిపించింది.

"యాదగిరిని ఇడువుండ్రిరా, మనోడు!"

వదిలేశారు.

క్యాంపస్‌లో అప్పటికి రెండేళ్లుగా ఉంటున్నాను. అక్కడ నన్ను రోల్ నంబరుతోనే పిలిచేవారు. ఇప్పటికీ బజారులో ఎవరైనా "యాదగిరీ" అంటే తిరిగి చూస్తాను.