గోడ పిన్ని సాక్ష్యం

ఆ రోజుల్లో సర్కారు ఏదైనా ఇస్తానందంటే, ముందు ఇంట్లో ఉన్నవి సర్దుకుని తలుపు గడియ పెట్టుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలు ఫోనులో నాలుగు నొక్కులు నొక్కి చదువుకి లోను పెట్టేస్తున్నారు. ఎవడిస్తున్నాడు, ఎందుకిస్తున్నాడు అని ఒక్కడూ అడగడు! నేనడిగాను. ఐదో తరగతితో బడి మానేసి, అరటి గెలలు లారీకెక్కిస్తూ, దొరికిన కాగితమల్లా చదివి చదువు నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, అచ్చులో ఉన్న మాటని అంత తేలిగ్గా నమ్మేవాణ్ణి కాదు.

మా చెల్లికి రాజమండ్రిలో బీఎస్సీ సీటొచ్చింది. హాస్టలు ఫీజు కట్టే దారి లేదు. మా నాన్న కౌలు రైతు. ఆ ఏడు తుఫానుకి కోతకొచ్చిన చేను నీళ్ళలో పడుకుంది. బీద పిల్లలకి గవర్నమెంటు చదువు అప్పు ఇస్తుందని కాలేజీవాళ్ళు చెప్పారు. ఉద్యోగం వచ్చాక తీర్చుకోవచ్చట. టీచరుద్యోగంలో చేరితే అప్పులో ఏటా కొంత కొట్టేస్తారట కూడా. అక్కడే నాకు అనుమానం ముదిరింది. "అప్పిచ్చినవాడు తనంతట తనే కొట్టేస్తాడా? మనకి సెంటు భూమి లేదు. ఇంక వాళ్ళు పట్టుకెళ్ళేది నిన్నే," అన్నాను. చెల్లి బుర్ర పట్టుకుని, "నన్ను పట్టుకెళ్ళి ఏం చేసుకుంటారన్నయ్యా? నాకు వండటం కూడా రాదు," అంది. (నిజమే. ఇప్పటికీ రాదు.) దాని గోల పడలేక ఒప్పుకున్నాను.

మేం నిజంగా బీదవాళ్ళమో కాదో చూడటానికి తాలూకా ఆఫీసు నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారు వస్తారన్నారు. ఆయన కాదని రాస్తే చెల్లి చదువు అక్కడితో సరి. ఇల్లు చూడటంతో సరిపెట్టరట, ఇరుగుపొరుగుని కూడా విచారిస్తారట. దానికి నేనో ఎత్తు వేశాను. మా గోడ పిన్నికీ (పక్కింటావిడ, ఏ మాటైనా గోడ మీంచే చెప్పేది గనక ఆ పేరు) మా అమ్మకీ కోళ్ళ గొడవతో మాటల్లేవు. "తిండికి గతిలేని సంత!" అని మమ్మల్ని రోజూ వీధంతా వినేట్టు తిట్టేది. సర్కారుకి ఇంతకంటే మంచి సాక్షి ఎక్కడ దొరుకుతుంది?

సైకిలు దిగిన ఆ పెద్దమనిషి నాకంటే అనుమానం మనిషి. బియ్యం కుండ మూత తీసి చూశారు. మా చెల్లి చెవులు చూశారు (కమ్మల్లేవు, వేపపుల్లలున్నాయి). "ఆ పుల్లలు ఎప్పుడు పెట్టావమ్మా, ఇవాళేనా?" అన్నారు! నాకు ఒళ్ళు మండిపోయింది. "మమ్మల్ని నమ్మకపోతే మానెయ్యండి. పక్కింటావిణ్ణి అడగండి. ఆవిడకి మేమంటే అస్సలు గిట్టదండి," అన్నాను, నా తెలివికి నేనే మురిసిపోతూ.

గోడ పిన్ని పైట సర్దుకుంటూ వచ్చింది. "వీళ్ళ పరిస్థితి ఏంటమ్మా?" అని ఆయన అడగ్గానే ఆవిడ మెడ నిటారైంది.

"వీళ్ళకేంటండి బాబూ, మారాజులు! పాడీ పంటా, వచ్చేపోయే చుట్టాలూ... ఆవకాయే నాలుగు జాడీలు పెడతారండి. ఒకళ్ళ గుమ్మం తొక్కి గింజ అడిగిన మనుషులు కాదు!"

"పిన్నీ! పొద్దున్న ఏమని తిట్టావు మమ్మల్ని?" అని అరిచాను.

"నోర్ముయ్యరా తింగరి వెధవా! మనలో మనం సవాలక్ష అనుకుంటాం. ఊరుగాని ఊరి మనిషి ముందు ఇంటి పరువు తీసుకుంటావా?"

లోపల చెల్లి ఏడుపు వినిపించింది. ఇన్‌స్పెక్టరు గారు పిన్ని కేసి కాసేపు చూసి, ఆవిడ వెళ్ళాక నన్ను దగ్గరికి పిలిచారు. "నా సర్వీసులో, కలిగినవాళ్ళ గురించి పక్కింటివాళ్ళు ఒక్క మంచి మాట చెప్పగా వినలేదయ్యా. 'అంతా పైపై పటాటోపమండి, లోపల అప్పులే' అంటారు. గిట్టనావిడే ఇంతగా పొగిడిందంటే, మీ దగ్గర నిజంగానే ఏమీ లేదు," అని సైకిలు సీటు మీదే కాగితం పెట్టి సంతకం చేసేశారు.

"చూశావా, నా మాటకెంత విలువిచ్చాడో!" అంది పిన్ని గోడ మీంచి. అవునన్నాను.

నేను మాత్రం సర్కారుని నమ్మలేదు. చెల్లిని హాస్టల్లో దిగబెట్టి వస్తూ, వాచ్‌మన్ పేరూ ఊరూ కనుక్కుని మరీ వచ్చాను. అది చదివింది, సైన్సు టీచరైంది, వాళ్ళన్నట్టే ఏటా కొంత కొట్టేశారు. రిటైరై పెన్షను కూడా తీసుకుంటోంది. మొన్న అది మా ఇంటికొచ్చినప్పుడు వీధిలో గవర్నమెంటు జీపు ఆగితే, మోకాళ్ళు పట్టుకుని లేచి కిటికీలోంచి తొంగి చూశాను.

"ఇప్పటికైనా నమ్మొచ్చు కదన్నయ్యా!" అని పడీ పడీ నవ్వింది.

"చూద్దాంలే," అన్నాను. "గవర్నమెంటు కదా, పని నెమ్మదిగా చేస్తుంది."