అద్దంలో పిట్ట

తోజర్ ఊళ్లో ఇటుకరంగు బూ హబీబీ పిట్ట ప్రతి ఇంట్లోనూ ఇంటిమనిషిలా తిరుగుతుంది. దాన్ని అదిలిస్తే ఇంటి కళ పోతుందని అందరి నమ్మకం. తెల్లారగానే మన్నూబియా వాకిట్లో కాళ్లు బారచాపుకుని కూర్చుని, వెడల్పాటి కొయ్యపళ్లెంలో గోధుమరవ్వ తడిపి, అరచేతులతో రుద్దుతూ కుస్కుస్ గింజలు చేస్తుంది. చుట్టూ రాలిన రవ్వ పిట్టల వాటా. ఈ ఏడు మాత్రం ఒక మగపిట్ట ఆ వాకిలంతా తనదే అన్నట్టు మసిలింది. ఒక కుంటి ఆడపిట్ట వాలబోతే గోడ దాటేదాకా తరిమేది. ఆ మగపిట్టను అదిలిద్దామంటే మన్నూబియాకు చెయ్యి రాదు. మూడు రోజులు చూసి, పోయిన మొగుడు గడ్డం గీసుకునే అద్దం తెచ్చి గోడకు ఆనించింది. అందులో కనబడ్డది ఇంకో మగపిట్ట అనుకుని అది కయ్యానికి దిగింది. కుంటిది నింపాదిగా కడుపు నింపుకుంది.

పొద్దెక్కినా ఆ పోరు ఆగలేదు. పిట్ట నోరు తెరిచి రొప్పుతోంది. ముక్కు కొసన నెత్తురు.

"తగిన శాస్తే పిన్నీ, ఇంకాసేపు ఉండనీ," అంది పక్కింటి హనీయా.

"చాల్లేవే. పొద్దుట్నించి గింజ ముట్టలేదు." మన్నూబియా అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. పిట్ట ముందు గుప్పెడు రవ్వ చల్లి, గొంతు తగ్గించి, "తిను నాయనా. వాడు నీకు భయపడి పారిపోయాడులే," అంది.

హనీయా నవ్వింది. "పిట్టక్కూడా అబద్ధాలేనా?"

"మీ బాబాయి ఖర్జూరాల తోటలో నీటి వంతు కోసం పోట్లాడి వచ్చినప్పుడల్లా ఇదే చెప్పేదాన్ని," అంది మన్నూబియా, మళ్లీ రవ్వలో చేతులు పెడుతూ. "నమ్మేవాడో లేదో. తినేవాడు."