పండని గడ్డ

మొన్న నందిగామ నుంచి జగ్గయ్యపేట వస్తుంటే, బస్సులో నా పక్కన ఒక చిన్నవయసు తల్లి కూర్చుంది. ఒళ్ళో నాలుగేళ్ళ బాబు, గుండు మీద నూగులా కొత్త జుట్టు. తిరుపతి మొక్కా అమ్మాయ్ అని అడిగాను. కాదండీ, చేతి కండలో క్యాన్సర్ గడ్డ వచ్చింది, మందులకి జుట్టంతా ఊడింది, ఇప్పుడు తగ్గిందండి అంది. నేను కిటికీ వైపు తిరిగాను. కిటికీలోంచి తెల్లటి సున్నపురాయి దుమ్ము, వెచ్చటి గాలి, బాబు నిద్ర. నేనెప్పుడు వత్సవాయిలో మా చిన్నప్పటి వంటింటి గడప మీదికి వెళ్ళిపోయానో నాకే తెలియదు.

అక్కడ మా తమ్ముడు కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. తొడ మీద ఉసిరికాయంత గడ్డ. సెగగడ్డే అనుకుంది అమ్మ. మా వైపు అందరిళ్ళలో చేసినట్టే తడి సున్నంలో బెల్లం నూరి పట్టు వేసేది, గడ్డ పండితే చీము కారి తగ్గిపోతుందని. నూరేలోపు వాడు బెల్లం ముక్క నోట్లో వేసుకుని నవ్వేవాడు. “ఒరేయ్, బెల్లం గడ్డకా, నీ పొట్టకా?” అని అమ్మ ముద్దుగా కసిరేది. రోజూ పొద్దున్నే నొక్కి చూసి, ఇంకా పండలేదే అనుకునేది. నొప్పిగా ఉందా నాన్నా అంటే వాడు లేదని తలూపేవాడు, అమ్మ మొహం విప్పారేది.

అది ఎంతకీ పండలేదు, పెరిగింది. చివరికి నాన్న పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళితే, ఇంత చిన్నపిల్లలకి అరుదుగా వచ్చే కండ క్యాన్సర్ అన్నారు. నా సున్నం వల్లేనా అని అమ్మ ఏడ్చింది. కాదమ్మా, నొప్పి లేకుండా పెరిగే గడ్డనే అనుమానించాలి అన్నాడట డాక్టరు. ఆ వేసవి దాటకుండానే వాడు పోయాడు. తర్వాత మా అమ్మ మామిడికాయలు పండాయని కూడా ఎన్నడూ అనలేదు, ముగ్గాయి అనేది.

జగ్గయ్యపేట వచ్చేసింది. ఆ అమ్మాయి బాబుని భుజాన వేసుకుంటుంటే ఉండబట్టలేక, ఎలా కనుక్కున్నావమ్మా అని అడిగాను.

“నొప్పి లేదన్నాడండీ. అందుకే భయమేసి తీసుకెళ్ళా.”

అయ్యో, మా అమ్మ ఆ మాట వినే కదా హాయిగా నిద్రపోయింది! అప్పట్లో ఇన్ని మందులూ లేవులెండి, ముందే తెలిసినా వాడు దక్కేవాడో లేదో. అయినా ఆ నూగు జుట్టు మీద ఒక్కసారి చెయ్యి వేశాను, చాలాసేపు తియ్యబుద్ధి కాలేదు.